కల్లంగడికి దొర ఎవరు?

సరిమేర కథలు – ఏడో భాగం

పోయిన భాగంలో మనం 1800 సంవత్సరం దగ్గర మొదలుపెట్టి మన్రో దొర దగ్గర ఆగాం. శ్రీరంగపట్నంలో టిప్పు కూలిపోయాక నిజాం వాటాకు వచ్చిన ఈ సీమ, ఏడాది తిరిగేసరికి ఈస్టిండియా కంపెనీ చేతికి మారింది. థామస్ మన్రో అనంతపురంలో మకాం పెట్టి, పాలెగాళ్ళ కత్తులు ఒరలో పెట్టించి, 1807లో వెళ్ళిపోయేలోగా చేనుచేనుకూ కొలత, రైతురైతుకూ పన్ను రాయించాడు. మన చిలమత్తూరు ఉన్న హిందూపురం తాలూకా మద్రాసు లెక్కల్లోకి ఎక్కింది. పక్కనే ఉన్న బాగేపల్లి మైసూరు రాజులకు ఉండిపోయింది. అటూ ఇటూ తెలుగే. పెళ్ళిళ్ళు, సంతలు, జాతరలు అన్నీ ఒకటే. కానీ గీత పడింది.

చేనుకు పన్ను కట్టిన సర్కారు చెట్టును మాత్రం ఎందుకు వదులుతుంది? ఈ భాగంలో కథ అదే. ఊరి బయట ఈతవనం పక్కన బోదకప్పు పాక, లోపల నాలుగు కుండలు, వాకిట్లో ఒక బండ. ఊళ్ళో అందరికీ దారి తెలిసిన కల్లంగడి అది. దానికి అసలు యజమాని ఎవరన్న తగవు నూటయాభై ఏళ్ళు నడిచింది. ఆ తగవులో ఒక ప్రభుత్వమే కూలిపోయింది.

ఈతవనం

ముందు చెట్టు సంగతి. మన పీఠభూమిలో ఏడాదికి పడే వాన యాభై అయిదు సెంటీమీటర్ల చిల్లర. అది కూడా పడాల్సిన నెలలో పడదు. ఎర్ర ఇసుక నేల, మధ్యలో ఏనుగుల్లా పడుకున్న గుండ్లు, పల్లంలో చెరువు, చెరువు మరవ నుంచి పారే వంక. ఈ నేలలో ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్ళు పొయ్యకుండా బతికే చెట్టు ఈత. వంకల వెంట, చెరువు కట్టల కింద వనాలు వనాలుగా లేచేది.

ఆ చెట్టులో పారేసేది ఏదీ లేదు. ఆకుతో ఎరుకల వాళ్ళు బుట్టలు, చాపలు అల్లేవారు. ఈనెలతో పొరకలు కట్టేవారు. వేసవిలో పిల్లలకు ఈత పండ్లు. 1876–78లో ధాత కరువు వచ్చి ఈ సీమ ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయినప్పుడు, జనం చెట్టు నరికి లోపలి మొవ్వ తిని ప్రాణాలు నిలుపుకున్నారు. అన్నిటికంటే ముఖ్యంగా అది కల్లు ఇచ్చేది.

కల్లు తీసేది ఈడిగ కులం. తెలంగాణలో గౌడులు, ఉత్తర కోస్తాలో యాతలు, మన సీమలో ఈడిగలు. వాళ్ళలో దండు ఈడిగలనే శాఖ ఉంది. తమ పెద్దలు విజయనగర రాయల దండులో నడిచినవాళ్ళని చెప్పుకుంటారు. ఇంటి దేవత ఎల్లమ్మ. చెట్టెక్కే తాడు, అంటే మోకును, ఎక్కే ముందు కళ్ళకద్దుకోనివాడు ఈడిగ కాడని సామెతలా అనుకునేవారు.

మా అవ్వ పుట్టినిల్లూ మెట్టినిల్లూ రెండూ ఈడిగ ఇళ్ళే. ఈత గీయడం ఆమె చెప్తే వినాలి. చెట్టు తల దగ్గర కింది మట్టలు కోసి, మెత్తని చోట గీత కత్తితో పలచగా చెక్కుతారు. సాయంత్రం చెక్కి కుండ కడితే రాత్రంతా చుక్క చుక్కగా కారి తెల్లారేసరికి నిండుతుంది. వరసగా కొన్ని రోజులు గీసి, చెట్టుకు కొన్ని రోజులు విశ్రాంతి ఇస్తారు. ఈ ఏడు ఒక పక్క గీస్తే వచ్చే ఏడు దానికి ఎదురుపక్క. అందుకే పాత ఈత చెట్టు బోదె మెలికలు మెలికలుగా, మెట్లుమెట్లుగా కనిపిస్తుంది. ఆ గాట్లు లెక్కపెడితే ఆ చెట్టు ఎన్నేళ్ళు కల్లు ఇచ్చిందో చెప్పొచ్చు. చలికాలంలో ధార ఎక్కువ, తీపి ఎక్కువ.

ఇక్కడే ఈ కథకంతా మూలమైన ఒక సంగతి ఉంది. తెల్లవారుజామున దించిన కల్లు తియ్యగా ఉంటుంది. మధ్యాహ్నానికి పులిసి నిషా ఎక్కుతుంది. రాత్రికి పుల్లబడిపోతుంది. అంటే దాన్ని దాచలేరు, బండి మీద దూరం తీసుకుపోలేరు. దించిన రోజే, దించిన ఊళ్ళోనే, లేదంటే పక్క ఊళ్ళో అమ్ముకోవాలి. సారాయి అలా కాదు. బట్టీలో కాచి పీపాల్లో పోస్తే నెలలు నిలవుంటుంది, ఎంత దూరమైనా పోతుంది. కల్లు ఊరికీ చెట్టుకూ కట్టుబడిన సరుకు, సారాయి డబ్బుకూ బండికీ కట్టుబడిన సరుకు. ఒకటి ఈడిగ చేతిలో మిగలడానికీ, రెండోది కంట్రాక్టరు చేతికి పోవడానికీ కారణం ఇదే. తర్వాతి కాలంలో సారాయి కల్లును మింగేయడానికీ కారణం ఇదే.

గుత్త పోయి నంబరు వచ్చింది

కంపెనీ మొదట్లో చెట్ల జోలికి నేరుగా పోలేదు. ఒక ప్రాంతంలో కల్లు, సారాయి అమ్ముకునే హక్కును ఎక్కువ సొమ్ము ఇస్తానన్నవాడికి గుత్తకు రాసిచ్చేది. గుత్తదారు సర్కారుకు కట్టాల్సింది కట్టి, కింద తన ఇష్టం వచ్చినట్టు వసూలు చేసుకునేవాడు. ఈడిగ అతని దగ్గర కూలి. పేదవాడు తాగినా గుత్తదారుకే లాభం, తాగి చచ్చినా సర్కారుకు పట్టదు.

1882లో బళ్ళారి నుంచి విడదీసి అనంతపురం జిల్లా ఏర్పాటు చేశారు. నాలుగేళ్ళకు, 1886లో, కల్లు, సారాయి పన్నుల కోసం మద్రాసు అబ్కారీ చట్టం వచ్చింది. అప్పటి నుంచి మెల్లమెల్లగా గుత్త పద్ధతి తగ్గి, చెట్టు పన్ను పద్ధతి పాతుకుంది. ఉప్పు, అబ్కారీ కలిపి చూసే శాఖ ఒకటి తయారైంది. ఇన్స్పెక్టరు, జవాన్లు ఈతవనంలోకి దిగారు. గీసే ప్రతి చెట్టుకూ నంబరు. నంబరు లేని చెట్టు మీద కత్తి పెడితే నేరం. నంబరున్న చెట్టుకు పన్ను.

ఇప్పుడు ఒక కుండ కల్లు వెనక ఎందరు నిలబడ్డారో చూడండి. వంక పక్క, చెరువు కింద ఉన్న పోరంబోకు చెట్లు సర్కారువి. రైతు పట్టా చేనులో ఉన్న చెట్లు రైతువి, వాటికి ఈడిగ రైతుకు బాడుగ ఇవ్వాలి. ఎవరి చెట్టయినా సర్కారుకు చెట్టు పన్ను కట్టక తప్పదు. దించిన కల్లు అమ్ముకోవాలంటే అంగడి లైసెన్సు వేరే ఉండాలి. ఆ లైసెన్సు ఏటా వేలంపాటలో ఎవరు ఎక్కువ పాడితే వాళ్ళది. ఇంతమంది దొరల మధ్య చెట్టెక్కి దిగేవాడు ఒక్కడే.

అవ్వ ఈ చట్టాలన్నీ ఒక్క మాటలో తేల్చేసేది. "చెట్టు సర్కారుది, అంగడి పాడినోనిది. మోకొక్కటే మనది రా నాయనా. అదీ తెగకుంటే."

అక్టోబరు ఒకటి

ఊరికి ఉగాదితో కొత్త సంవత్సరం. కల్లంగడికి అక్టోబరు ఒకటిన. అబ్కారీ లెక్కలకు ఏడాది అప్పుడు మొదలయ్యేది. దానికి ముందు వేలంపాటలు. తాలూకా కచేరీ ముందు చెట్టు నీడన అధికారి కూర్చుంటే, ఊరూరి అంగళ్ళ పేర్లు చదివేవారు. పాడేవాళ్ళలో ఈడిగ పెద్దలు ఉండేవారు, వడ్డీ వ్యాపారులు ఉండేవారు, చేతిలో నాలుగు డబ్బులు ఆడే రైతులు ఉండేవారు.

పోటీ అక్కడే ముదిరేది. పోయినేడు అంగడి నడిపినవాడికి ఊరి తాగుబోతుల అప్పుల జాబితా తెలుసు, వానలు పడ్డాయా లేదా తెలుసు. పక్క ఊరివాడు పంతానికి పాడితే ధర కొండెక్కేది. వాన పడని ఏడు కూలి ఉండదు, కూలి లేకపోతే తాగడానికి డబ్బుండదు. కానీ పాడిన సొమ్ము సర్కారుకు కిస్తులుగా కట్టాల్సిందే. అలా ఒక్క పాటతో ఇల్లు అమ్ముకున్న కుటుంబాల కథలు ఈడిగ వీధుల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. పాడినవాడు నష్టాన్ని ఎక్కడ పూడ్చుకుంటాడు? చెట్టెక్కేవాడి కూలిలో కొంత, కల్లు కుండలో పోసే నీళ్ళలో కొంత.

ఒక ఏడు అంగడి మామ చేతిలో, మరుసటేడు పగవాడి చేతిలో. అంగడి పాక అదే, బండ అదే, తాగేవాళ్ళు వాళ్ళే. మారేది లోపల కుండ దగ్గర కూర్చునే మనిషి. అందుకే మన ఊళ్ళలో తాతల నుంచి వచ్చిన దేవుడి మాన్యం ఉండేది, కరణీకం ఉండేది, రెడ్డిరికం ఉండేది. తాతల నుంచి వచ్చిన కల్లంగడి మాత్రం దాదాపు ఎక్కడా ఉండేది కాదు. ఈడిగకు కులవృత్తి నిలిచింది, అంగడి నిలవలేదు. సర్కారే ప్రతి అక్టోబరులో అతని చేతి నుంచి లాక్కుని మళ్ళీ అతనికే అమ్మేది.

బండ మీద ఊరు

అంగడిలో బతుకు ఎలా ఉండేదో చూద్దాం. పొద్దు వాలాక కూలీలు చేను నుంచి నేరుగా అంగడికి వచ్చేవారు. హిందూపురం అంగళ్ళకు చింతపండు, బెల్లం తోలే బండ్లవాళ్ళు ఎద్దులకు మేత వేసి కూర్చునేవారు. 1890ల్లో హిందూపురం మీదుగా బెంగుళూరుకు రైలు పడ్డాక బండ్లు ఇంకా పెరిగాయి. అలసంద గుగ్గిళ్ళు, బొరుగులు, వేయించిన శనగలు, పచ్చిమిరపకాయ నంజుకోవడానికి. బాగేపల్లి వైపు నుంచి వచ్చినవాడు కన్నడం కలిపి మాట్లాడితే నవ్వులు. ఏ ఊళ్ళో వాన పడింది, ఎవరి ఎద్దు పోయింది, ఎవరింట్లో పెళ్ళి, ఏ రెడ్డి ఎవరి మీద దావా వేశాడు, పత్రికలు రాని ఊళ్ళో ఇవన్నీ తెలిసే చోటు అదే.

అదే చోట ఊరి కులాల గీతలూ స్పష్టంగా కనిపించేవి. మాల మాదిగలకు ముంత వేరు, కూర్చునే చోటు వేరు. కొన్ని చోట్ల చేతుల్లోనో ఆకు దొప్పలోనో పైనుంచి పోసేవారు. కల్లు అందరికీ ఒకటే, ముంత ఒకటి కాదు. ఊరి రెడ్డి అంగడికి వచ్చేవాడు కాదు, ఆయన ఇంటికే కుండ పోయేది.

అప్పు ముచ్చట ఇంకొకటి. పంట చేతికొచ్చే దాకా కూలివాడి చేతిలో డబ్బుండదు. అంగడివాడు గోడ మీద బొగ్గుతో గీతలు పెట్టేవాడు. కళ్ళంలో రాగులు, జొన్నలు కొలిచే రోజు ఆ గీతలకు లెక్క కట్టేవారు. సంగటికి ఉంచుకున్న రాగుల్లోంచి కల్లు బాకీ పోతుంటే ఇంటి ఆడవాళ్ళు గుండెలు బాదుకునేవారు.

ఇది మా అవ్వ దాచకుండా చెప్పేది. తాగినోడి పెళ్ళాం అంగడి ముందుకొచ్చి మన్ను ఎత్తిపోసేదట. "మా పిల్లోళ్ళ సంగటి మీ కుండలోకి పోతా ఉంది" అని తిట్టేదట. అంగడివాడి ఇంట్లో ఆడవాళ్ళు తలుపేసుకుని కూర్చునేవాళ్ళట. ఈడిగ ఆకలి, తాగుబోతు పెళ్ళాం ఆకలి ఎదురెదురుగా నిలబడేవి. వాళ్ళిద్దరి మధ్య నుంచి పన్ను మాత్రం తప్పకుండా మద్రాసు చేరేది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో మద్రాసు రాష్ట్ర రాబడిలో దాదాపు నాలుగో వంతు అబ్కారీ నుంచే వచ్చేది. ఒక విధంగా కలెక్టరు జీతమూ, బడి పంతులు జీతమూ ఈ బండ మీద నుంచే నడిచేవి.

ఖద్దరు టోపీలు

1921లో సహాయ నిరాకరణ ఊపందుకుంది. విదేశీ బట్టల అంగళ్ళతో పాటు కల్లంగళ్ళ ముందు కూడా ఖద్దరు టోపీలు కనిపించాయి. కాంగ్రెసుకు ఇందులో రెండు ప్రయోజనాలు. తాగుడు మానిపించడం ధర్మం, సర్కారు రాబడికి గండి కొట్టడం రాజకీయం. వేలంపాటల దగ్గర పాడవద్దని దండాలు పెట్టేవారు, అంగడి ముందు తాగవద్దని దండాలు పెట్టేవారు. హిందూపురం తాలూకాలో ఆ గాలి తెచ్చినవారిలో కల్లూరు సుబ్బారావు ముఖ్యుడు. 1926లో అనంతపురంలో పప్పూరు రామాచార్యులు మొదలుపెట్టిన శ్రీసాధన పత్రిక ఆ మాటను పల్లెలకు మోసింది. 1927లో ఆరోగ్యం దెబ్బతిన్న గాంధీ మనకు పక్కనే ఉన్న నంది కొండ మీద వారాల తరబడి ఉన్నాడు. రెండేళ్ళకు, 1929లో, ఖద్దరు యాత్రలో మన జిల్లాలోనూ తిరిగాడు. 1930లో ఉప్పు సత్యాగ్రహం నాడు, కల్లంగళ్ళ దగ్గర పికెటింగ్ ఆడవాళ్ళ పని అని ఆయనే పిలుపిచ్చాడు. 1931 మార్చి 5న కుదిరిన గాంధీ–ఇర్విన్ ఒప్పందంలో శాంతంగా చేసే పికెటింగ్‌కు సర్కారు కూడా ఒప్పుకుంది.

ఈ ఉద్యమం ఈడిగ ఇళ్ళలో రెండు ముక్కలుగా దిగింది. గాంధీ అంటే దండం పెట్టని ఇల్లు లేదు. కానీ ఆయన మాట నెగ్గితే పొయ్యి వెలగదు. ఒకే ఇంట్లో కొడుకు ఖద్దరు కట్టాడు, తండ్రి మోకు కట్టాడు. అంగడి పాడుకున్నవాడైతే ఆ ఏడు నష్టపోయి మరుసటేడు పాటకు పోకపోవచ్చు. చెట్టెక్కేవాడికి మరో చేను లేదు, మరో వృత్తి లేదు. ఉద్యమం వాళ్ళు కల్లు మానమన్నారు గానీ, కల్లు గీసేవాడు ఏం తినాలో చెప్పినవాళ్ళు తక్కువ.

రాజాజీ లెక్క

1937లో రాజాజీ మద్రాసు ప్రధాని, అంటే ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి, అయ్యాడు. ఆ ఏడు అక్టోబరు 1న తన సొంత జిల్లా సేలంలో మద్యనిషేధం పెట్టాడు. అబ్కారీ కొత్త సంవత్సరం రోజునే అంగళ్ళు మూశాడు. 1938 అక్టోబరులో మన పక్కనున్న కడప, చిత్తూరు జిల్లాలకూ అది వచ్చింది. మనకు మాత్రం ఇంకా రాలేదు. కదిరి తాలూకాను 1910లో కడప నుంచి తీసి అనంతపురం జిల్లాలో కలిపారు. ఆ ఒక్క మార్పు వల్ల, పులివెందులలో అంగడి మూతపడితే కదిరిలో తెరిచే ఉంది. జిల్లా గీత మీద కూడా కల్లు ఎలా ఆగుతుందో, ఎలా ఆగదో జనం మొదటిసారి చూశారు.

పోయిన రాబడి ఎక్కడి నుంచి తేవాలి? 1939లో రాజాజీ అమ్మకం పన్ను చట్టం తెచ్చాడు. ఆ తర్వాత సరుకు కొన్నప్పుడల్లా మనం కడుతూ వచ్చిన అమ్మకం పన్నుకు ఈ రాష్ట్రాల్లో మూలం అక్కడుంది. తాగేవాడి దగ్గర వసూలయ్యేది తాగనివాడి దగ్గరికి మళ్ళింది. అదే ఏడు యుద్ధం వచ్చింది, కాంగ్రెసు మంత్రులు రాజీనామా చేశారు, తర్వాత గవర్నరు పాలనలో నిషేధాన్ని పక్కన పెట్టేశారు. యుద్ధానికి డబ్బు కావాలి, కల్లంగడి మళ్ళీ దేశభక్తి చేసింది.

1946లో మద్రాసు ప్రధానిగా ఎక్కినవాడు మన టంగుటూరి ప్రకాశం. ఆ ఏడే నిషేధం తిరిగి మొదలైంది. జిల్లాల వెంట జిల్లాలు చేర్చుకుంటూ పోయి, 1948 అక్టోబరు 2న, గాంధీ పోయాక వచ్చిన మొదటి జయంతి నాటికి, రాష్ట్రమంతటా అంగళ్ళు మూతపడ్డాయి. మన సీమ అంగడీ ఆ లోపే మూతపడింది.

ప్రకాశం పేరు గుర్తుపెట్టుకోండి. కథ మళ్ళీ ఆయన దగ్గరికే వస్తుంది.

మూసిన అంగడి

సర్కారు ఈడిగలను పూర్తిగా మరిచిపోయిందని అనలేం. కుండకు లోపల సున్నం పూసి పులవకుండా తీసిన నీరాకు లైసెన్సులు ఇచ్చింది. నీరా కాచి బెల్లం చెయ్యడానికి సహకార సంఘాలు పెట్టించింది. తాగుడు మరిపించడానికి భజనలు, ఆటపాటలు ఏర్పాటు చేసింది. కానీ బెల్లం కాచడానికి కట్టెలు కావాలి. కరువు సీమలో కట్టె ఎక్కడిది? ఆ పక్కనే హిందూపురం సంతలో చెరుకు బెల్లం దండిగా దొరుకుతుంటే ఈత బెల్లం ఎవరు కొంటారు? మా జేజినాయన ఆ బెల్లం పొయ్యి ఒక చలికాలం నడిపి, కత్తి, మోకు అటకెక్కించి కూలికి పోయాడు. అవ్వ మాటల్లో అది అయిదు మందికి వండిన సంగటి ముగ్గురికి తగ్గిన ఏడు.

కొందరు ఊరొదిలారు. కొందరు చేను బాడుగకు చేశారు. ఇంకొందరు రాత్రి పూట చెట్టెక్కారు. నంబరు లేని చెట్టు, లైసెన్సు లేని కుండ, పాట లేని అంగడి. అప్పటి దాకా అబ్కారీ జవాను ఒక్కడే భయం, ఇప్పుడు పోలీసు కూడా భయం. పట్టుబడితే కోర్టు, పట్టుబడకుంటే మామూలు.

ఖాళీగా ఉన్న చోటులోకి సారాయి వచ్చింది. కల్లు కుండ ఈతచెట్టు మీద అందరికీ కనిపిస్తుంది. సారాయి బట్టీ వంకలో, గుట్ట చాటున, ఒక రాత్రిలో పని ముగించుకుంటుంది. బెల్లం, తెల్లతుమ్మ పట్ట ఊరబెట్టి కాచడమే. తుమ్మ చెట్టుకు మన సీమలో కొరతా, బెల్లానికి హిందూపురంలో కొరతా? నిషేధం కల్లును ఆపింది, సారాయిని నేర్పింది. ఇందులో ఈడిగ ఒక్కడే లేడు. అన్ని కులాలవాళ్ళూ దిగారు. కులవృత్తిగా ఉన్నది దొంగవ్యాపారంగా మారాక దానికి కులమేముంది?

ఇంకో పక్క మైసూరు గీత. గుట్ట దాటితే మద్రాసు చట్టం చెల్లదు. ఇక్కడి పోలీసు అక్కడ చెయ్యి వెయ్యలేడు, అక్కడి జవానుకు ఇక్కడి లెక్క అక్కర్లేదు. గీత ఏ పక్కన చట్టం వదులైతే ఆ పక్కకు దాహం నడిచిపోయేది. ఆ గీత మీది కొడికొండ దగ్గర తర్వాత పెట్టిన చెక్‌పోస్టు వెనక ఉన్న పాత తర్కం ఇదే. సరిమేర ఊళ్ళలో అంగడి మూతపడదు, జరుగుతుంది.

ఒక్క ఓటు

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. మళ్ళీ అదే అక్టోబరు ఒకటి! ముఖ్యమంత్రి ప్రకాశం. ఉప ముఖ్యమంత్రి అనంతపురం జిల్లా ఇల్లూరు మనిషి నీలం సంజీవరెడ్డి. కొత్త రాష్ట్రానికి అప్పులున్నాయి, రాబడి లేదు, నిషేధం మాత్రం మద్రాసు నుంచి వాటాగా వచ్చింది.

అటు శ్రీకాకుళం జిల్లా బారువలో గీత కార్మిక కుటుంబంలో పుట్టిన గౌతు లచ్చన్న ఈ కథలోకి వస్తాడు. స్వాతంత్ర్య పోరాటంలో జైళ్ళు చూసినవాడు, రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారితో కలిసి కృషికార్ లోక్ పార్టీలో ఉన్నవాడు. గీసుకుని బతికే హక్కు మాకు కావాలని గీత కార్మికులతో సత్యాగ్రహం నడిపాడు. అంతకు ముప్పై ఏళ్ళ కిందట కల్లు మానమని సత్యాగ్రహం చేసిన దేశంలో, కల్లు గీయనివ్వమని సత్యాగ్రహం. ఈసారి దండాలు పెట్టింది ఈడిగలు, యాతలు, గౌడులు.

ప్రభుత్వం నిషేధం సంగతి తేల్చమని ఎస్.వి. రామమూర్తి అధ్యక్షతన సంఘం వేసింది. నిషేధం పని చెయ్యడం లేదు, ఎత్తేయమని ఆ సంఘం చెప్పింది. ప్రభుత్వం ఆ సిఫారసును అమలు చెయ్యలేదు. కాంగ్రెసువాదికి నిషేధం ఎత్తడమంటే గాంధీ పేరు మీద చెయ్యెత్తినట్టే. 1954 నవంబరు 6న శాసనసభలో అవిశ్వాస తీర్మానం ఓటుకు వచ్చింది. వేరే రాజకీయ కక్షలూ అందులో కలిశాయి గానీ నిప్పు పెట్టింది నిషేధమే. తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది.

1946లో అంగడి మూయించడం మళ్ళీ మొదలుపెట్టిన మనిషి ప్రభుత్వం, ఎనిమిదేళ్ళకు ఆ మూసిన అంగడి గురించే కూలింది. ఏ ఊళ్ళోనూ ఏ కుటుంబం చేతిలోనూ నిలవని కల్లంగడి, ఒక రాష్ట్రం తలరాత మార్చగలిగింది. దాన్ని ఈడిగల ఆస్తి అని తిట్టినవాళ్ళూ, ఈడిగల బతుకు అని కాపాడినవాళ్ళూ ఒక సంగతి సరిగ్గా పట్టుకోలేదు. ఆ అంగడి లాభం తిన్నది సర్కారు, నష్టం తిన్నది వేలంపాట పాడినవాడు, కష్టం తిన్నది చెట్టెక్కినవాడు. తిట్లు తిన్నది మాత్రం చెట్టెక్కినవాడి కులమంతా.

1955 ఎన్నికలు వచ్చాయి, పోయాయి. ప్రభుత్వాలు మారాయి. 1956లో తెలంగాణ కలిసింది. ఒకే రాష్ట్రంలో హైదరాబాదు వైపు అంగళ్ళు తెరిచి, మన వైపు మూసి ఉన్న విచిత్రం మరో పుష్కరానికి పైగా నడిచింది. 1968లో రెండు ప్రాంతాలకూ కలిపి ఎక్సైజు చట్టం చేశారు. 1969లో ఆంధ్ర ప్రాంతంలో నిషేధం ఎత్తేశారు. చిలమత్తూరు సీమలో అంగడి మళ్ళీ తలుపు తీసింది. అటకెక్కిన మోకులు దిగాయి. కానీ తిరిగొచ్చిన ఈడిగకు ఎదురుగా కూర్చున్నది పాత వేలంపాట మనిషి కాదు. ఇరవై ఏళ్ళ చీకటి వ్యాపారంలో ముదిరిన సారాయి కంట్రాక్టరు.

వచ్చే భాగంలో ఆ కంట్రాక్టరు కథ. కుండ పోయి ప్లాస్టిక్ ప్యాకెట్టు ఎలా వచ్చిందో, వారుణి వాహిని పేరుతో సర్కారే సారాయిని ఊరూరికీ ఎలా పంచిందో చూద్దాం. అవ్వ చెప్పిన మన్ను ఎత్తిపోసిన ఆడవాళ్ళ మనవరాళ్ళు 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట దగ్గర మొదలుపెట్టి రాష్ట్రాన్ని కుదిపిన తీరు చూద్దాం. 1993లో సారాయి నిషేధం ఏ తేదీన వచ్చిందో మీరే ఊహించండి. అదీ అక్టోబరు ఒకటే. ఆ తర్వాత హిందూపురం ఎమ్మెల్యేగా ముఖ్యమంత్రి పీఠమెక్కిన ఎన్టీఆర్ మొత్తం మద్యాన్నే మూసేసినప్పుడు, మన కొడికొండ గీత మీద ఏం జరిగిందో, 2007లో కర్ణాటక సారాయిని నిషేధించాక ఆ గీత ఏ పక్కకు తిరిగిందో కూడా అక్కడే.